మూడో సెమిస్టర్ అయిపోయింది, మీకు మనసులో నిలిచిపోయిన క్లాసు ఏది?

రాజోలు దీవి

అందరికీ నమస్కారమండి. నేను బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. మొన్ననే మూడో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. రిజల్ట్స్ వచ్చాక ఎలాగూ మార్కుల గొడవే ఉంటుంది. ఈలోపే అడుగుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. జులై నుంచి నవంబరు దాకా విన్న క్లాసుల్లో మీకు గట్టిగా గుర్తుండిపోయింది ఏది? ఏ గ్రూపైనా, ఏ కాలేజీ అయినా ఫర్వాలేదు.

నాకైతే ప్రాక్టికల్స్‌లో చేసిన క్లోరైడ్ టైట్రేషన్, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో ఒక ద్రావణం కొద్దికొద్దిగా కలిపి కొలవడం. రికార్డులో అదొక మామూలు ప్రయోగం. నీటి నమూనా తీసుకుని, పొటాషియం క్రోమేట్ కొన్ని చుక్కలు వేసి, బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి సిల్వర్ నైట్రేట్ వదులుతాం. ముందు తెల్లటి అవక్షేపం పడుతుంది. నీళ్లలో ఉన్న క్లోరైడ్ అంతా అయిపోగానే పసుపు కాస్తా ఇటుక రంగులోకి తిరుగుతుంది. అక్కడ ఆపి రీడింగ్ రాసుకోవాలి. ఏటా కాలేజీ కుళాయి నీళ్లతో చేయించి రికార్డు మీద సంతకం పెట్టేవారట. ఈసారి మా మేడం మాత్రం ఎవరింటి నీళ్లు వాళ్లనే సీసాలో పట్టుకురమ్మన్నారు.

మా బ్యాచ్‌లో కోనసీమలోని రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, పి.గన్నవరం మండలాల వాళ్లం ఉన్నాం. సీసాలన్నీ బల్ల మీద వరసగా పెడితే ఏది ఎవరిదో పేరు చూస్తే తప్ప తెలియలేదు. అన్నీ తేటగానే ఉన్నాయి. టైట్రేషన్ మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. కాలువ గట్టు పక్క ఇళ్ల నూతి నీళ్లకి బ్యూరెట్ కొంచెం దిగగానే రంగు తిరిగింది. అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక బోరు నీళ్లకి బ్యూరెట్ మొత్తం ఖాళీ అయినా తిరగలేదు. పదింతలు పలుచన చేసి మళ్లీ చేయాల్సి వచ్చింది. తాగే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1000 దాకా ఒప్పుకుంటామని మన దేశ ప్రమాణం. ఎవరి ఊరు ఆ గీతకి ఏ పక్కన ఉందో బోర్డు మీద రాసుకున్నాం. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

పక్క వారం ఈడీటీఏ అనే ద్రావణంతో నీళ్ల కాఠిన్యం కొలిచాం. బోరు నీళ్లకి పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు అని మా అమ్మ ఎప్పుడూ అంటూ ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో అంకెల్లో చూశాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. మిగతా ప్రయోగాలు పరీక్ష కోసం చదివాను. వీటి గురించి మాత్రం ఎవరూ అడక్కపోయినా ఇంట్లో, బస్సులో చెబుతూనే ఉన్నాను.

మీ సంగతి చెప్పండి.

పాత మాస్టారు

అమ్మా, చాలా సంతోషంగా ఉంది. కెమిస్ట్రీ చెప్పి రిటైరైన వాణ్ని. మీ మేడం గారికి నా నమస్కారాలు చెప్పు.

ఆ ప్రయోగంలో రెండు మూడు జాగ్రత్తలు చెబుతాను, రాసుకో. నీళ్ల పీహెచ్ 7 నుంచి 10 లోపల ఉండాలి. ఆమ్లం ఎక్కువైతే సిల్వర్ క్రోమేట్ పడదు, రంగు తిరగాల్సిన ఎండ్ పాయింట్ దాటిపోయినా తెలియదు. క్షారం ఎక్కువైతే సిల్వర్ ఆక్సైడ్‌గా పడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కూడా ఒకసారి ఇదే ప్రయోగం (బ్లాంక్) చేసి ఆ రీడింగ్ తీసేయాలి. సిల్వర్ నైట్రేట్ గోధుమరంగు సీసాలోనే ఉంచాలి, వెలుతురు తగిలితే పాడవుతుంది.

లెక్క కూడా చేతివేళ్ల మీద ఉండాలి. 0.0141 నార్మాలిటీ (గాఢత) ఉన్న సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక మిల్లీలీటరు అరమిల్లీగ్రాము క్లోరైడ్‌తో సమానం. 50 మి.లీ. నమూనాకి 25 మి.లీ. పడిందంటే 12.5 మిల్లీగ్రాములు, అంటే లీటరుకి సరిగ్గా 250. నీకు చెప్పిన గీత అదే. ఇంతకంటే ఎక్కువ పడితే ఆ నీళ్లు తాగడానికి ఆలోచించాలి అని క్యాలిక్యులేటర్ లేకుండానే చెప్పవచ్చు.

ఇంకొక మాట. ఆ వెండి అవక్షేపాన్ని సింకులో పారబోయనివ్వకండి. వెండి ఖరీదైనది, క్రోమేట్ విషం. ఒక డబ్బాలో పోగుచేసి ఉంచాలి.

సివిల్ కాకినాడ

చెల్లెమ్మా, నేను బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. మీరు బల్ల మీద చూసిన తేడాకి కారణం ఈ సెమిస్టర్‌లోనే మాకు భూగర్భజలాల పాఠంలో చెప్పారు. నాకు బాగా గుర్తుండిపోయిన క్లాసు కూడా అదే.

సముద్రం ఒడ్డు ఊళ్లలో భూమి లోపల మంచినీళ్లు, ఉప్పునీళ్లు పూర్తిగా కలిసిపోయి ఉండవు. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద పొరలా తేలుతూ ఉంటాయి. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025, మంచినీటిది 1. ఈ కొద్ది తేడాని బట్టి లెక్క వేస్తే, సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు ఉన్నచోట కింద సుమారు 40 అడుగుల లోతు దాకా మంచినీళ్లే ఉంటాయి. నెదర్లాండ్స్‌కి చెందిన గైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా కనిపెట్టిన సూత్రం ఇది.

దాన్నే తిరగేసి చూడండి. మోటారు పెట్టి బాగా తోడేసి పైన ఒక అడుగు తగ్గించామంటే కింద నుంచి ఉప్పునీళ్లు 40 అడుగులు పైకి వచ్చే అవకాశం ఉంది. మన కోనసీమలో నేల సముద్ర మట్టానికి ఎంతో ఎత్తులో లేదు. అందుకే తక్కువ లోతు నూతిలో నీళ్లు బాగుండి, దాని పక్కనే ఇంకా లోతుగా దింపిన బోరు ఉప్పుగా ఉంటుంది. చాలామంది ఉప్పొస్తోందని ఇంకా లోతుకి దింపుతారు. అది సరైన దారి కాదు.

కాలువ పక్క నూతులు తియ్యగా ఎందుకుంటాయంటే కాలువలోంచి నీళ్లు ఇంకుతూ ఆ పై పొరని నింపుతూ ఉంటాయి. కాలువ అంటే చేలకి మాత్రమే అనుకుంటాం. మన నూతులు కూడా దాని మీదే బతుకుతున్నాయి.

రాజమండ్రి చరిత్ర

సివిల్ గారూ, ఆ చివరి మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను బీఏ. మా హిస్టరీ మాస్టారు ఈ సెమిస్టర్‌లో మమ్మల్ని ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లారు. అంతకుముందు రెండు వారాలు క్లాసులో గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ఆనకట్టకు ముందు సంగతులే చెప్పారు. 1830ల నాటి కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన ఉప్పెన, ఊళ్లు ఖాళీ అయిపోయి శిస్తులు పడిపోవడం. అవన్నీ విన్నాక చూస్తే ఆనకట్ట ఒక మనిషికి వచ్చిన గొప్ప ఆలోచనగా కాకుండా, ఏళ్ల తరబడి జనం పడ్డ బాధకి వచ్చిన జవాబుగా అర్థమైంది.

1847లో పని మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. మధ్యలో లంకలు. కాటన్‌తో పాటు వీణెం వీరన్న గారి పేరు కూడా మా మాస్టారు పదే పదే చెప్పారు. కూలీలను పోగుచేసి పని నడిపించింది ఆయన. కాటన్ విగ్రహం ప్రతి ఊళ్లో ఉంది, వీరన్న గారి గురించి మా క్లాసులో సగం మందికి అప్పటిదాకా తెలియదు. ఇది మారాలి.

రాజోలు దీవి గారికి ఇంకో సంగతి. మీ దీవికి కాలువ నీళ్లు గోదావరి పాయ అయిన వైనతేయ మీదుగా వస్తాయి. నది పైన నీళ్ల వంతెన కట్టి, ఒక నీటి మీద ఇంకో నీటిని దాటించారు. 1850ల్లో కట్టిన గన్నవరం అక్విడెక్టు అది. ఇప్పుడు వాడుకలో ఉన్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అన్నం పెట్టడంలో పేరు పొందిన తల్లి పేరు మీ నీళ్లకి పెట్టడం నాకెంతో నచ్చింది. మీ దీవి నుంచి వచ్చి బల్ల మీద తియ్యగా తేలిన సీసాలు ఆ వంతెన దాటి వచ్చిన నీళ్ల పుణ్యమే.

రాజోలు దీవి

ఆ అక్విడెక్టు మీదుగానే మేము రోజూ వెళ్లేది! బస్సు కిటికీలోంచి నీళ్లు చూస్తాను గానీ, ఆ నీళ్లే మా నూతిలోకి ఇంకుతున్నాయని ఇప్పుడే తెలిసింది. ఇద్దరికీ థాంక్స్ అండి.

మాస్టారూ, పీహెచ్ సంగతి మేడం చెప్పారు. వెండి డబ్బా సంగతి మాత్రం రేపే ల్యాబ్‌లో అడుగుతాను.

లంక ఊరు

నాకు గుర్తుండిపోయింది స్టాటిస్టిక్స్.

మాది గౌతమి మధ్యలో లంక. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవి మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు. రెండోది వచ్చిందంటే మేకలు, గేదెలు గట్టు మీదకి తోలేస్తాం. ఈ అంకెల మధ్య పెరిగాను, కానీ వీటితో లెక్కలు చేయవచ్చని కాలేజీకి వచ్చాకే తెలిసింది.

మా సార్ సంభావ్యత చెబుతూ "వందేళ్ల వరద" అనే మాట బోర్డు మీద రాశారు. వందేళ్లకి ఒకసారి వస్తుంది, ఒకసారి వచ్చేస్తే ఇక బెంగలేదు అని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. 1986 ఆగస్టు వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, అలాంటిది ఇక మా జన్మలో రాదు అనేది మా తాతయ్య మాట. సార్ చెప్పింది వేరు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని దాని అర్థం. పోయినేడు వచ్చినా ఈ ఏడు కూడా అదే నూటికి ఒకటి. ఒక మనిషి లంకలో 30 ఏళ్లు కాపురం ఉంటే అలాంటి వరద కనీసం ఒకసారైనా చూసే అవకాశం ఎంత? 0.99ని 30 సార్లు గుణించి ఒకటిలోంచి తీసేయాలి. 0.26 వచ్చింది. నాలుగో వంతు కంటే ఎక్కువ.

ఆ లెక్క ఇంటికి తీసుకెళ్లి నాన్నకి చూపించాను. కొత్త గది అరుగు ఎంత ఎత్తు పోయాలా అని అప్పుడే మాట్లాడుకుంటున్నారు. అనుకున్నదానికంటే ఇంకొంచెం ఎత్తు పోశారు.

ఒక బాధ కూడా చెప్పాలి. వరద రోజుల్లో పడవలు ఆపేస్తారు, మేము కాలేజీకి రాలేం. 75 శాతం అటెండెన్స్ లెక్కలో ఆ రోజులు ఆబ్సెంట్ కిందే పడతాయి. మా కాలేజీలో అడిగితే రూల్ అంతే అన్నారు. పడవలు ఆపింది అధికారులే కదా, ఆ రోజుల్ని మినహాయించడానికి ఏమి అడ్డం? ఇది అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత మాస్టారు

బాబూ, ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. మీ లంక పిల్లలందరూ కలిసి సంతకాలు పెట్టండి. పడవలు ఆపిన తేదీలకి తహసీల్దారు ఆఫీసు నుంచి కాగితం తీసుకుని జత చేయండి. నోటిమాటగా అడిగితే రూల్ అంటారు, కాగితం ఉంటే ఆలోచించక తప్పదు. సెమిస్టర్ చివర్లో కాదు, వరద తగ్గిన వారంలోనే ఇవ్వాలి.

భీమవరం చెరువుగట్టు

నేను జువాలజీ, ఆక్వాకల్చర్. మాకు ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి ఈ సెమిస్టర్‌లో వచ్చింది. నాన్న రొయ్యల చెరువు చేస్తారు, కాబట్టి నాకు అది ఇంటి సంగతి.

చెరువు దగ్గరే గాలి బుడగ లేకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయోడైడ్ పోసి మూత పెట్టాలి. ఆక్సిజన్ బాగా ఉంటే గోధుమరంగు అవక్షేపం, లేకపోతే తెల్లగా ఉంటుంది. ల్యాబ్‌కి తెచ్చాక సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, హైపో (సోడియం థయోసల్ఫేట్)తో టైట్రేషన్, చివర్లో స్టార్చ్ వేస్తే వచ్చే నీలం పోయేదాకా. సార్ మధ్యాహ్నం ఒక నమూనా, తెల్లవారకముందు ఒక నమూనా తెమ్మన్నారు. ఒకే చెరువు, ఒకే మూల. రెండు సీసాల్లో రంగు చూస్తేనే తేడా తెలిసిపోయింది.

పగలు నీళ్లలోని నాచు మొక్కలు ఎండకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి, రొయ్యలూ పీల్చుకుంటాయి, అడుగున మిగిలిన మేత కుళ్లడానికీ ఆక్సిజనే కావాలి. అందుకే తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. నాన్న తెల్లవారుజామున లేచి చెరువు చుట్టూ ఎందుకు తిరుగుతారో, కరెంటు పోతే ఆ టైములో ఎందుకంత టెన్షన్ పడతారో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కారణం సీసాలో చూశాను. నీళ్లు ఆకుపచ్చగా దట్టంగా ఉంటే మంచిదని మావైపు కొందరు అనుకుంటారు. పగలు మంచిదే, రాత్రికి అదే ప్రమాదం.

రాజోలు దీవి

చెరువుగట్టు గారూ, మనసులో ఉన్నది అడిగేస్తాను, ఏమీ అనుకోకండి. మావైపు నూతులు ఉప్పవడానికి రొయ్యల చెరువులే కారణమని ఊళ్లో అందరూ అంటారు. మా పక్క వీధి వాళ్లు చెరువు వచ్చాక నూతి నీళ్లు తాగడం మానేశారు. మీరేమంటారు?

భీమవరం చెరువుగట్టు

ఏమీ అనుకోనండి. మా ఇంట్లో అన్నం వచ్చేది చెరువు మీదే, కానీ మా నూతి కూడా చెరువుకి దగ్గరే.

చెరువులో ఉప్పునీళ్లు నిలబెడితే చుట్టుపక్కలకి ఊరుతాయి, అది కాదనను. అడుగున బంకమట్టి గట్టిగా ఉంటే తక్కువ, ఇసుక నేలైతే ఎక్కువ. మీవైపు సముద్రం ఒడ్డు ఊళ్లు ఇసుక నేలలు. అందులోనూ కొందరు లోతు బోర్ల నుంచి ఉప్పునీళ్లు తోడి చెరువులోకి పెడతారు. సివిల్ అన్న చెప్పిన లెక్క ప్రకారం అది రెండు విధాలా దెబ్బ. వనామీ రొయ్య తక్కువ ఉప్పులో కూడా బతుకుతుంది, అందుకే లోపలి మండలాల్లోకి కూడా వచ్చేసింది.

కానీ ప్రతి ఉప్పు నూతికీ చెరువే కారణం అంటే ఒప్పుకోను. చెరువులు లేని రోజుల్లో కూడా సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు బోర్లు ఉండేవని మా తాతయ్య అంటారు. ఏ నూతి దేనివల్ల పాడైందో కొలిస్తేనే తెలుస్తుంది.

సివిల్ కాకినాడ

ఇద్దరూ చెప్పిందాంట్లో నిజం ఉంది. చట్టం వైపు కూడా ఒక మాట. తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తీరం వెంబడి చెరువులకి రిజిస్ట్రేషన్ ఉండాలి. తాగునీటి వనరులకి, వ్యవసాయ భూములకి హాని లేకుండా చూడాలన్నది అందులో ముఖ్యమైన విషయం. ఊళ్లో తగువు వచ్చినప్పుడు పంచాయతీలో అరుచుకోవడం కంటే చేతిలో రీడింగులు ఉంటే మాట చెల్లుతుంది.

పంటు ప్రయాణం

నేను సఖినేటిపల్లి నుంచి రోజూ పంటు (రేవు దాటించే పడవ) మీద నది దాటి నరసాపురం వెళ్లి చదువుకుంటున్నాను. బీకాం. మీ అందరివీ చదివాను, బాగున్నాయి. కానీ ఒక మాట చెప్పక తప్పదు. సెమిస్టర్ అంటే 90 పనిదినాలు అంటారు. వర్షాలు, పండగలు, ఇంటర్నల్స్, రికార్డులు పోగా చదువు చెప్పేది ఎంతసేపు? ఒక పాఠం అర్థమయ్యేలోపు అసైన్‌మెంట్ వస్తుంది. సెమిస్టర్ చివర పరీక్షకి 75, ఇంటర్నల్స్‌కి 25. చాలామంది ముఖ్యమైన ప్రశ్నలు పది బట్టీ కొట్టి బయటపడుతున్నారు. మా ఇళ్లలో ముందు అడిగేది ఉద్యోగం సంగతి. సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లడం వల్ల ఉద్యోగం వస్తుందా?

కోపంతో అనడం లేదు. నాకూ మంచి క్లాసు ఒకటి దొరికింది. కాస్ట్ అకౌంటింగ్. మా మేడం పుస్తకంలో ఫ్యాక్టరీ లెక్కలు అయ్యాక మమ్మల్ని ఇంట్లో ఉన్న పని ఏదైనా తీసుకుని కాస్ట్ షీట్ వేయమన్నారు. నేను మా కొబ్బరి తోట తీసుకున్నాను. దింపు కూలి, ఒలుపు కూలి, మోత, బండి, ఎరువు, బోదెలు తవ్వించిన ఖర్చు, ఇవన్నీ వెయ్యి కాయలకి ఎంత పడుతుందో వేశాను. నాన్న ఇంతకాలం దింపు, ఒలుపు కూలి మాత్రమే ఖర్చు అనుకునేవారు. అమ్మా నాన్నా తోటలో చేసే పని ఏ లెక్కలోనూ లేదు. దానికీ కూలి కట్టి చూస్తే, ధర పడిపోయిన నెలల్లో మాకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఆ షీట్ చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దళారి వచ్చినప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకుని బేరం చేశారు.

పాత మాస్టారు

నాయనా, ఉద్యోగం వస్తుందా అని నువ్వు అడిగావు, నీ కాస్ట్ షీటే నాకు జవాబుగా కనబడుతోంది. ఇంటర్వ్యూలో "మీరేం చేశారు" అని అడిగితే బట్టీ పట్టిన పది ప్రశ్నలు చెబుతావా, ఈ కొబ్బరి లెక్క చెబుతావా? నీటి పరీక్షలు నేర్చినవాళ్లకి రొయ్యల ల్యాబుల్లో, నీటి ప్లాంట్లలో, మందుల కంపెనీల్లో పని ఉంది. బ్యూరెట్ పట్టడం చేతికి వచ్చిన పిల్లకీ రానివాళ్లకీ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

టైము తక్కువ అన్నది మాత్రం నిజం. వార్షిక పరీక్షలున్న రోజుల్లో ఒక పాఠాన్ని వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పే వీలుండేది. ఇప్పుడు లెక్చరర్లకి కూడా ఊపిరాడటం లేదు. అందుకే ఉన్న ఆ 25 మార్కుల్ని ఇలాంటి పనికి వాడాలి. ఇంటర్నల్స్ మీద కాలేజీకి కొంత స్వేచ్ఛ ఉంది. ఇంకో చిన్న పరీక్ష పెట్టే బదులు ఒక సీసా, ఒక కాస్ట్ షీట్, ఒక వరద లెక్క అడిగితే సిలబస్‌కి ఏ లోటూ రాదు.

రాజమండ్రి చరిత్ర

భాష సంగతి కూడా ఎవరైనా ఎత్తుతారని చూశాను. డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయ్యాక, పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న మాలాంటి వాళ్లం మొదటి సెమిస్టర్ అంతా డిక్షనరీతోనే గడిపాం. మా హిస్టరీ మాస్టారు తెలుగులో చెప్పి, చివరి పది నిమిషాలు అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో చెప్పేవారు. అది చాలా పనిచేసింది. ఉప్పెన సంగతి ఆయన ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టి ఉంటే నేను నోట్సు మాత్రమే రాసుకునేవాణ్ని.

అంబాజీపేట అమ్మ

పిల్లలూ, మీ అందరి మాటలూ చదివానమ్మా. మా అమ్మాయి కూడా డిగ్రీనే. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయాను. సాయంత్రం అది వచ్చి వంటింట్లో కూర్చుని ఆ రోజు చెప్పిన పాఠం నాకు చెబుతుంది. నాకు చెప్పలేకపోతే తనకి రాలేదన్నట్టు లెక్క అంటుంది. ఏ సెమిస్టరు ఏమిటో నాకు పెద్దగా తెలియదు గానీ, మీరంతా రాసినట్టు మన నీళ్ల గురించి, మన కొబ్బరి గురించి చెప్పినప్పుడు నేనూ మధ్యలో ప్రశ్నలు అడుగుతాను. మిగతావి చెప్పినప్పుడు ఊ కొడతాను. మీ మాస్టర్లకి ఈ మాట చెప్పండి.

మారుటేరు దారి

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నేను బోటనీ. మాకు జెనెటిక్స్ వచ్చింది. మెండెల్ బఠాణీలు అందరికీ తెలిసినవే. మా సార్ అవి రెండు గంటల్లో ముగించి స్వర్ణ దగ్గరికి వచ్చారు.

స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మన మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన వరి. ఆ పేరులో ఎంటీయూ అంటే మారుటేరే. మన సార్వా (ఖరీఫ్) చేలల్లో పుట్టి దేశంలో ఎన్నో రాష్ట్రాలకి పోయింది. దానికున్న ఒక లోపం ముంపు. వారం పైన నీళ్లలో మునిగితే పోతుంది. మామూలు వరి నీళ్లలో మునిగితే ఊపిరి కోసం పైకి సాగుతుంది, ఆ సాగడానికే ఉన్న బలమంతా ఖర్చు చేసేస్తుంది. నీళ్లు తగ్గేసరికి పడిపోతుంది. ఒడిశా నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఏ అనే పాత రకం అలా చేయదు. మునిగితే ఎదుగుదల ఆపి, బలం దాచుకుని, నీళ్లు తీశాక మళ్లీ లేస్తుంది. ఆ గుణం ఉన్న జన్యు భాగానికి సబ్1 అని పేరు. దాన్ని స్వర్ణలోకి తెచ్చి, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేసి, ప్రతి తరంలోనూ ఆ జన్యువు ఉన్న మొక్కల్ని డీఎన్ఏ గుర్తులతో పట్టుకుని, మిగతా అంతా స్వర్ణే అయ్యేలా తయారుచేశారు. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా ముంపు తట్టుకుంటుంది.

ఇలా మొదటి రకంతోనే మళ్లీ మళ్లీ సంకరం చేయడాన్నే బ్యాక్‌క్రాస్ అంటారు. ఆ పదాన్ని ఇంటర్‌లో నాలుగు మార్కుల ప్రశ్నగా చదివాను. ఎందుకు చేస్తారో ఇప్పుడు అర్థమైంది. మా చేను మురుగు కాలువ పక్కనే, ఏటా మునుగుతుంది.

లంక ఊరు తమ్ముడూ, మీ వరద రోజుల లెక్క, మా ముంపు రోజుల లెక్క కలిపి చూస్తే బాగుంటుంది. ఏ ఏడాది చేను ఎన్ని రోజులు మునిగిందో మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు.

పాత మాస్టారు

రాసిపెట్టడం అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీరు చేసిన పనులన్నీ సెమిస్టర్ అయిపోగానే రికార్డు పుస్తకాల్లో మూలపడతాయి. వచ్చే బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒక రిజిస్టర్ పెట్టండి. ఊరు, తేదీ, నూయో బోరో, లోతు, కాలువకి ఎంత దూరం, చెరువుకి ఎంత దూరం, క్లోరైడ్ ఎంత. ఏటా అదే నూతుల దగ్గరే తీయాలి. పదేళ్లు గడిస్తే మన ప్రాంతంలో ఎవరి దగ్గరా లేని సమాచారం మీ కాలేజీలో ఉంటుంది. ఇందాక రాజోలు దీవి, చెరువుగట్టు మధ్య వచ్చిన తగువుకి జవాబు అందులోంచే వస్తుంది.

సివిల్ కాకినాడ

మాస్టారూ, ఎప్పుడు తీయాలనేది కూడా ముఖ్యం. ఏప్రిల్‌లో దాళ్వా (రబీ పంట) అయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. కట్టేసే ముందు ఒకసారి, వదిలే ముందు ఒకసారి తీస్తే కాలువ వల్ల ఎంత, వేరే కారణం వల్ల ఎంత అనేది తెలుస్తుంది. చెరువు ప్రభావం చూడాలంటే గట్టు నుంచి దూరం పెరిగేకొద్దీ వరసగా కొన్ని నూతులు ఎంచుకోవాలి. చెరువు లేని ఊళ్లో కూడా అదే వరస ఒకటి ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

రాజోలు దీవి

మేడంతో ఫోన్లో మాట్లాడాను. నాలుగో సెమిస్టర్ ఇంటర్నల్స్‌లో ఒక అసైన్‌మెంట్ కింద ఒప్పుకుంటానన్నారు. సిల్వర్ నైట్రేట్ ఎంత పడుతుందో ముందే లెక్క వేసి ఇస్తే ఇండెంట్‌లో (ల్యాబ్‌కి తెప్పించే సరుకుల జాబితాలో) పెడతారట. ఉప్పు నమూనాలు ముందే పలుచన చేసుకుంటే చాలా కలిసివస్తుంది.

రావాలనుకున్నవాళ్లు సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత బిగించి తీసుకురండి. బోరైతే మోటారు వేసి కొంతసేపు వదిలాక పట్టాలి. పేరు, ఊరు, తేదీ అక్కడే రాయండి, ఇంటికెళ్లి రాద్దామంటే కలిసిపోతాయి. చెరువులు లేని ఊరి వరసకి మామిడికుదురు వైపు మా క్లాస్‌మేట్ ఒకరు ఒప్పుకున్నారు. పంటు ప్రయాణం గారూ, సఖినేటిపల్లి వరస మీరు చూడగలరా? ఖర్చుల లెక్క కూడా మీకే ఇస్తాం. చెరువుగట్టు గారూ, మీ చెరువు దగ్గర తీయడానికి మీ నాన్నగారు ఒప్పుకుంటారా?

పంటు ప్రయాణం

చూస్తానండి. మా నూతితో కలిపి మా వీధిలో తీయడానికి ఇబ్బంది లేదు. ఖర్చు ఎంతవుతుందో ఈ ఆదివారానికి వేసి ఇక్కడే పెడతాను.

భీమవరం చెరువుగట్టు

నాన్నని అడిగాను. మొదట పేరు ఎక్కడా రాయొద్దన్నారు, తర్వాత తీసుకోమన్నారు. మా నూయి గట్టుకి అన్నిటికంటే దగ్గర, దానితోనే మొదలుపెడదాం. రీడింగ్ ఎంత వచ్చినా ముందు ఆయనకే చెబుతానని మాటిచ్చాను, ఆ తర్వాతే రిజిస్టర్‌లో రాద్దాం. ఏప్రిల్ రెండో వారంలో మా కాలేజీకి సెలవుంటే నేనే నమూనాలు తీసుకుని రాజోలు వస్తాను. మీ మేడం టైము కనుక్కుని చెప్పండి.